మీరు నిలబడండి, మేమున్నాం

మా కౌంటీ బోర్డులో మా పేట తరఫున ఎన్నో ఏళ్ళుగా కూర్చున్న పెద్దాయన, ఈసారి తాను పోటీ చెయ్యనని ప్రకటించిన రోజు పొద్దున మా ఇంట్లో ఉప్మా మాడింది. మా ఆవిడ ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని ఆ వార్త చదివింది. మళ్ళీ చదివింది. పొయ్యి కట్టేసి నా వైపు తిరిగింది.

“నేను నిలబడతాను,” అంది.

“వద్దులే, కూర్చో. నేను వడ్డిస్తాను,” అన్నాను. పాపం, నడుం నొప్పేమో అనుకున్నాను.

“వడ్డించటం కాదు. ఎలక్షన్లో.”

నడుం నొప్పికైతే మా ఇంట్లో బామ్ ఉంది. ఎలక్షన్‌కి మందు లేదు.

అమెరికాలో మా ఆష్‌బర్న్‌లో ఉండేవాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఇతర ఊళ్ళవాళ్ళ కోసం ఒక్క మాట. మా ఊళ్ళో ఎటు చూసినా కిటికీలు లేని పెద్ద పెద్ద భవనాలు. వాటి నిండా కంప్యూటర్లే, మనుషులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతే ఉంటారు. మావాడు క్లౌడ్ మీద పనిచేస్తున్నాడని మా బంధువులు గొప్పగా చెప్పుకుంటారు. మబ్బు అంటే ఎక్కడో ఆకాశంలో ఉంటుంది గదా అనుకుంటారు వాళ్ళు. మాది పెరటి వెనకాలే ఉంది. ఆ యంత్రాలు వేడెక్కకుండా పెద్ద ఫ్యాన్లు పెడతారు. అవి రోజంతా ఒకే శ్రుతి పట్టుకుని వదలవు. శ్రుతి తప్పవు గానీ, పాట కూడా మొదలుపెట్టవు. అది నా జీతం చప్పుడు కాబట్టి నాకు జోలపాటలాగే ఉంటుంది. మా ఆవిడకి మాత్రం కొన్నేళ్ళుగా సరిగ్గా నిద్ర లేదు.

దానికి తోడు ఆ భవనానికీ మా ఇళ్ళకీ మధ్య ఉన్న చెట్ల వరస కొట్టేసి అక్కడ ఇంకో భవనం, ఒక సబ్‌స్టేషన్ కట్టుకుంటామని ఒక కంపెనీ దరఖాస్తు పెట్టింది. అవుననటానికైనా కాదనటానికైనా కౌంటీ బోర్డుదే, అంటే మన జిల్లా పరిషత్తులాంటిదానిదే, అధికారం. మా ఆవిడ ప్రతి బహిరంగ విచారణకీ వెళ్ళేది. ఆమె చాలా ఏళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేసింది. ఇతరుల తప్పులు పట్టుకోవటం ఆమె వృత్తి, నావి పట్టుకోవటం ప్రవృత్తి. ఆ చప్పుడు ఎన్ని డెసిబెల్సో కొలుచుకుని, కాగితాలు సర్దుకుని వెళ్ళేది. అక్కడ మైకు ముందు నిలబడ్డ ప్రతివాళ్ళకీ ఇచ్చేది కొద్ది నిమిషాలే. ఆమె అసలు విషయానికి వచ్చేసరికి గంట మోగేది. బోర్డులో కూర్చున్నవాళ్ళు థాంక్యూ అనేవాళ్ళు. ఇంటికొచ్చాక మిగిలిన ఉపన్యాసం నాకు వినిపించేది. నా దగ్గర గంట లేదు.

కొత్త బోర్డు జనవరిలో రాగానే ఆ దరఖాస్తు దాని ముందుకే వస్తుంది. ఆ రోజు తాను మైకుకి అటువైపు ఉండాలి. మా ఆవిడ కోరికంతా ఇదే.

ఇక్కడో చిన్న మెలిక ఉంది. మా పేటలో ఎప్పుడూ ఒకే పార్టీ గెలుస్తుంది. ఎదుటి పార్టీ మర్యాద కోసం ఒకరిని నిలబెడుతుంది, వాళ్ళు అంతే మర్యాదగా ఓడిపోతారు. అంచేత అసలు పోరు నవంబరులో జరగదు. జూన్‌లో జరిగే ప్రైమరీలో, ఆ పార్టీ తరఫున నిలబడేది ఎవరో తేల్చుకునేటప్పుడే జరిగిపోతుంది. ప్రైమరీ అంటే నాకు తెలిసింది పలకా బలపమే. ఆ వయసులో కూడా నేను వెనక బెంచీయే.

మన దగ్గరైతే టికెట్ ఇచ్చే మనిషి ఒక్కడుంటాడు. ఆశపడేవాళ్ళంతా ఆయన వాకిట్లో దండలు పట్టుకుని పడిగాపులు కాస్తారు. ఎంతమంది గుమిగూడినా, లోపలి నుంచి ఒక పేరు బయటికి రాగానే ఆ గుంపు చెదిరిపోతుంది. ఇక్కడ టికెట్ ఇచ్చే వాకిలంటూ లేదు. కాసిని సంతకాలు తెచ్చుకుంటే ఎవరి పేరైనా బ్యాలెట్ మీదకి ఎక్కుతుంది. ఆ పెద్దాయన పదవిలో ఉన్నన్నాళ్ళూ ఎవరూ తొంగి చూడలేదు. ఆయన లేవగానే, ఇన్నాళ్ళూ ఈ ఊళ్ళో ఇంతమంది లోపల్లోపల నిలబడే ఉన్నారని తెలిసింది.

మా ఆవిడ మొదట వెళ్ళింది డాక్టరుగారి దగ్గరికి. మా తెలుగువాళ్ళలో ఆయనే పెద్ద. గుండె వైద్యులు. ఎవరి గుండెనీ నొప్పించలేని గుండె వైద్యులు. భార్యాభర్తలిద్దరూ మమ్మల్ని కూర్చోబెట్టి పులిహోర పెట్టారు.

“మీరు నిలబడాలమ్మా,” అన్నారు ఆయన. “మీలాంటివాళ్ళు కాకపోతే ఇంకెవరు? మీరు నిలబడండి, మేమున్నాం.”

అక్కడి నుంచి ఇల్లిల్లూ తిరిగాం. ఎక్కడికెళ్ళినా అదే మాట. మద్దతు అడగటానికి వెళ్ళి ముద్దపప్పు తిని వచ్చేవాళ్ళం. కారెక్కాక మా ఆవిడ, “చూశారా, ఒక్కళ్ళు కూడా కాదనలేదు,” అనేది. నేనూ పొంగిపోయేవాణ్ణి. మనవాళ్ళలో ఇంటికొచ్చిన మనిషి మొహం మీద కాదనేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా అని ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే అంత పొంగేవాణ్ణి కాదు.

ఒక వారం గడిచిందో లేదో, మాకు ఈ ఇల్లు కొనిపెట్టిన రియల్ ఎస్టేట్ ఆయన ఫోన్ చేశాడు. వరంగల్ వైపు మనిషి. మా ఆవిడని అక్కా అంటాడు. ఆమె ఫోను స్పీకర్ మీద పెట్టింది.

“అక్కా, ఒక మాట. నేను గూడ వేస్తున్న.”

“ఏం వేస్తున్నావు?”

“నామినేషన్.”

మా ఆవిడ నా వైపు చూసింది. “మొన్నేగా తమ్ముడూ నన్ను నిలబడమన్నావు?”

“అన్న. ఇప్పుడు గూడ అంటున్న. నువ్వు నిలబడాలె అక్కా. నేను గూడ నిలబడ్తున్న, గంతే.”

“ఇద్దరం ఎలా గెలుస్తాం?”

“అది గాదక్కా. డాక్టర్ సాబ్ ఇంటికి పోతే పట్టుకుని మరీ చెప్పిండు. నువ్వు నిలబడు, మేమున్నం అన్నడు. పెద్దమనిషి, కాదంటే మంచిగుంటదా?”

ఆ శనివారం మూడో మనిషి తానే స్వయంగా ఇంటికొచ్చింది. మా ఆవిడ ఆదివారాలు నడిపిన తెలుగు బడిలో అక్షరాలు దిద్దిన పిల్ల. ఇప్పుడు లాయరు. ఇక్కడే పుట్టింది. బూట్లు విప్పి పక్కన పెట్టి, సోఫా అంచున కూర్చుంది.

“ఆంటీ, నేను కూడా రన్ చేస్తున్నా. మీరు మ్యాడ్ అవ్వరు కదా?”

“ఎందుకవుతానమ్మా,” అంది మా ఆవిడ, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని. “నిన్నెవరు నిలబడమన్నారు?”

“అంకుల్ చెప్పాడు.”

“ఏ అంకుల్?”

“డాక్టర్ అంకుల్. మేమున్నాం అని చెప్పాడు. వెరీ స్వీట్.”

నేను వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగాను. మళ్ళీ వచ్చి కూర్చుని, మళ్ళీ లేచాను. ఆ నాలుగైదు నెలలూ నా పని అదే. నిలబడింది మా ఆవిడైనా, కాళ్ళు నిలవనిది నాకు. ఇంగ్లీషులో ఎలక్షన్లో నిలబడటం లేదు, పరిగెత్తటమే ఉంది. అది ఎందుకో నాకు అప్పుడు తెలిసొచ్చింది.

చివరికి అభ్యర్థులు ఎనిమిది మంది తేలారు. మావాళ్ళు ముగ్గురు. తక్కిన ఐదుగురిలో గుర్తుపెట్టుకోవలసిన మనిషి ఒకరే. ఒక రిటైరైన టీచరు. ఈ పేటలో సగం పిల్లలకి లెక్కలు చెప్పింది ఆవిడే.

ఇంతమంది ఎందుకొస్తారా అని, నడక దారిలో తిరుగుతూ నేను చాలా ఆలోచించాను. హోటల్ ముందు జనం కనిపిస్తే మనం పక్క హోటల్‌కి పోతాం. ప్రైమరీ లెక్క తిరగబడింది. ముగ్గురు నిలబడితే గెలవటానికి బోలెడన్ని వోట్లు కావాలి. ఎనిమిది మంది నిలబడితే కొన్ని చాలు. ఎక్కువ ఎవరికొస్తే వాళ్ళదే సీటు, సగం దాటాలన్న నియమం లేదు. అంచేత ఒకడు చేరినప్పుడల్లా గెలుపు గీత ఇంకొంచెం కిందకి దిగుతుంది. అప్పటిదాకా ఆ గీత అందని ఇంకొకడికి, ఇప్పుడు అందుతుందనిపిస్తుంది. వాడూ వస్తాడు. గీత ఇంకా దిగుతుంది. అలా దిగి దిగి నా దాకా వస్తుందేమోనని ఒకరోజు నాకే భయం వేసింది.

మావాళ్ళ ముగ్గురి లెక్కా ఒక్కటే. ఈ పేటలో ఇన్ని తెలుగు ఇళ్ళున్నాయి. అందరూ మేమున్నాం అన్నారు. మిగతావాళ్ళు తలా కొంచెం పంచుకుంటే మనవాళ్ళ వోట్లతోనే గట్టెక్కేస్తాం. ముగ్గురూ లెక్కలో గట్టివాళ్ళే. ముగ్గురూ లెక్కపెట్టుకున్నది మాత్రం అవే ఇళ్ళని.

మార్చిలో ఉగాది వచ్చింది. హైస్కూలు ఆడిటోరియంలో మా సంబరాలు. అది సంతకాల కాలం కూడా. బ్యాలెట్ మీద పేరు రావాలంటే ఈ పేట వోటర్లు సంతకాలు చెయ్యాలి. ఒక వోటరు ఎంతమందికైనా చెయ్యొచ్చు. లాబీలో ఒక మూల ఉగాది పచ్చడి కప్పులు, వాటి పక్కన మా ఆవిడ క్లిప్‌బోర్డు, ఆ పక్కన రియల్ ఎస్టేట్ ఆయన క్లిప్‌బోర్డు, ఆ పక్కన లాయరమ్మాయిది. జనం పచ్చడి నాకి, చెయ్యి తుడుచుకుని, వరసగా మూడు చోట్లా సంతకాలు పెట్టి లోపలికి పోతున్నారు.

పట్టుచీర కట్టుకున్న ఒక పెద్దావిణ్ణి ఆపి నేనడిగాను. “ముగ్గురికీ పెట్టారేంటి పిన్నిగారూ?”

“పేరంటానికెళ్తే ఎవరు బొట్టు పెడతానన్నా వద్దంటామా నాయనా?” అంది ఆవిడ. “ఒకళ్ళకి పెట్టించుకుని ఇంకొకళ్ళకి వద్దంటే ఏం బావుంటుంది?”

“ఇది బొట్టు కాదండీ.”

“ఏదైతేనేం, అడిగారు గదా.”

ఆవిడ మాటకి నవ్వుకుంటూ ఇటు తిరిగేసరికి, లాయరమ్మాయి తన క్లిప్‌బోర్డు పట్టుకుని మా ఆవిడ ముందు నిలబడి ఉంది.

“ఆంటీ, నాకు ఇంకా కొన్ని తక్కువున్నాయి. మీరు సైన్ చేస్తారా?”

తన మీద పోటీ చేస్తున్న మనిషి తనని సంతకం అడుగుతోంది. మా ఆవిడ పెన్ను తీసుకుంది. నేను దగ్గాను. దగ్గుని ఆమె ఎప్పుడు లెక్కచేసింది గనక. చక్కగా, అడ్రసుతో సహా పెట్టింది. అది చూసి రియల్ ఎస్టేట్ ఆయన వచ్చాడు. “గట్లయితే నాకు గూడ పెట్టు అక్కా. నేను నీకు పెడ్త.” మా ఆవిడ ఆయనకీ పెట్టింది. ఆయన మా ఆవిడకి పెట్టాడు, ఆ అమ్మాయికీ పెట్టాడు. ఆ అమ్మాయి ఇద్దరికీ పెట్టింది. ముగ్గురూ ఒకరినొకరు చెయ్యిపట్టి బ్యాలెట్ మీదకి ఎక్కించుకున్నారు. అక్కడే ఉన్న ఒకాయన మర్యాదకి ముగ్గురినీ కలిపి ఒక ఫోటో కూడా తీశాడు. ముగ్గురూ బాగా పడ్డారు.

కార్లో నేను ఊరుకోలేకపోయాను. “ఆ అమ్మాయికి నువ్వెందుకు పెట్టావ్?”

“అడిగింది.”

“అడిగితే?”

“నేను అక్షరాలు నేర్పిన పిల్ల. ఎదురుగా నిలబడి అడిగితే కాదని ఎలా అంటాను? మీరైతే అనేవారా?”

నేను కూడా పెట్టి వచ్చానని అప్పుడు చెప్పటం ఎందుకని, సిగ్నల్ దగ్గర ఎడమవైపు తిరిగాను.

ఆ తర్వాత తలుపులు తట్టటం మొదలైంది. తలుపు తీస్తే గెలుపు అంటారు ఈ విద్య తెలిసినవాళ్ళు. మాకు తలుపులు బాగానే తీశారు. అక్కడ రెండు సంగతులు తెలిశాయి. మా వీధిలో మేమున్నాం అన్న ఇళ్ళలో చాలామంది ఇంకా హెచ్-వన్ వీసా మీదే ఉన్నారు. ఒక కుర్రాడు తలుపు తీసి, “అక్కా, ఫుల్ సపోర్ట్. గ్రీన్‌కార్డ్ రావడమే ఆలస్యం,” అన్నాడు. ఆయనకి గ్రీన్‌కార్డ్ వచ్చి, ఆ తర్వాత సిటిజన్ అయి, వోటు వేసేనాటికి మా ఆవిడ ఎన్నో ఎన్నికలో నిలబడాలో నేను లెక్కపెట్టటం మానేశాను. చప్పట్లకి వీసా చాలు. వోటుకి చాలదు.

రెండోది ఇంకా ఘోరం. వోటున్నవాళ్ళంతా జూన్‌లో ఇండియా వెళ్తున్నారు. బడి సెలవులిచ్చిన మర్నాడే అందరికీ విమానాలు. ప్రైమరీ సరిగ్గా ఆ రోజుల్లోనే. ఒకావిడ మా ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, “తప్పకుండా వేస్తానండీ, వచ్చాక వేస్తాను,” అంది. ముందుగానే వేసే వీలుందని మా ఆవిడ తారీఖులు చెప్పింది. ఆవిడ సూట్‌కేసులు తూకం వేసుకుంటూ తల ఊపింది. వోటు వేస్తామని ఒట్టు వేసినవాళ్ళు చాలామందే. ఒట్టుకి మాత్రం పోలింగ్ బూత్ లేదు.

బ్యాలెట్లు అచ్చుకి వెళ్ళే ముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం డాక్టరుగారు మా అందరినీ తమ బేస్‌మెంట్‌కి పిలిచారు. ముగ్గురిలో ఇద్దరు తప్పుకుంటే మిగిలిన ఒక్కరూ గెలుస్తారన్నది అప్పటికి ఊరందరికీ తట్టింది. బేస్‌మెంట్లో సినిమాలు చూసుకునే గది. తోలు కుర్చీలు, బటన్ నొక్కితే వెనక్కి వాలతాయి, కాళ్ళు పైకి లేస్తాయి. అలాంటి కుర్చీల్లో కూర్చుని గంభీరంగా ఉండటం కష్టం. పెద్దమనుషులు ఒక్కొక్కరే వెనక్కి వాలుతుంటే, కాళ్ళు ఒక్కొక్క జతే పైకి లేస్తున్నాయి. నేను మెట్ల మీద కూర్చున్నాను.

“మనలో మనకి పోటీ ఏంటని నా బాధ,” అన్నారు డాక్టరుగారు.

“అందరూ మనోళ్ళే,” అన్నాడు సమోసా చేతిలో ఉన్న ఒకాయన. “ఎవ్వర్నీ తక్కువ అనలేం.”

“ఒకరు పెద్ద మనసు చేసుకుంటే...” అంటూ డాక్టరుగారు ఎవరి వైపూ చూడకుండా చూశారు. ఆ చూడని చూపు మా ఆవిడ దగ్గరే ఆగింది. గదిలో ఉన్నవాళ్ళంతా అటే చూడకుండా చూశారు.

“మీకు ఉద్యోగం ఒత్తిడి కూడా ఉంటుందమ్మా,” అన్నాడు సమోసా ఆయన.

“నాకు ఉద్యోగం పోయి ఏడాది దాటిందండీ,” అంది మా ఆవిడ.

“అదే, ఆ ఒత్తిడి.”

రియల్ ఎస్టేట్ ఆయన ఇబ్బందిగా కదిలాడు. “అక్కను అట్ల అనొద్దన్నా. అందరికంటె ముందు మొదలువెట్టింది అక్కనే.”

“మరైతే నువ్వు తప్పుకుంటావా తమ్ముడూ?” అన్నారు డాక్టరుగారు.

“నేనెట్ల తప్పుకుంట సార్? మీరే గదా నిలబడమన్నరు.”

మా ఆవిడ మెల్లగా అడిగింది. “డాక్టరుగారూ, మీరు మా ముగ్గురినీ నిలబడమన్నారు. ఎందుకండీ?”

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన్ని చూస్తే నాకు జాలేసింది. “ఇంటికొచ్చి అడిగారమ్మా. ఎవరికని వద్దనను? ఎవరో ఒకరే ఉంటారు, మిగతావాళ్ళు మధ్యలో మానేస్తారనుకున్నాను. అందరూ అలాగే అనుకుంటారు.”

ఆ మాటతో నాకు మొత్తం లెక్క తేలిపోయింది. మిగతావాళ్ళు మానేస్తారని అందరూ అనుకోబట్టే ఎవరూ మానరు. తెలుగువాళ్ళమనే కాదు, ఆ మిగతా ఐదుగురి ఇళ్ళలో కూడా ఏదో భాషలో ఇదే మాట నడిచే ఉంటుంది.

“నేను ఆలోచించుకుని చెప్తాను,” అని మా ఆవిడ లేవబోయింది. కుర్చీ వదల్లేదు. కాళ్ళ దగ్గరి పలక మోటారు చప్పుడు చేస్తూ, తాపీగా కిందికి దిగాలి. ఆ పలక దిగేదాకా గదంతా కాచుకుంది. కోపంగా వెళ్ళిపోవాలనుకున్న మనిషికి అంతకంటే శిక్ష లేదు.

ఆ తర్వాతి రోజులు మా ఇంట్లో ఎవరూ ఒకచోట కుదురుగా లేరు. తప్పుకోవటానికి ఇంకా వీలుంది, ఆ గడువు కూడా దగ్గరపడుతోంది. మా ఆవిడ బట్టలు మడతపెడుతూ సగంలో లేచి పెరట్లోకి వెళ్ళేది. ఆ చెట్ల వరస వంక చూసి వచ్చేది. నేను వర్క్ కాల్స్‌లో మ్యూట్ పెట్టుకుని ఆమె వెనకే తిరిగేవాణ్ణి.

“నేను తప్పుకుంటే నా వోట్లు ఎవరికి వెళ్తాయంటారు?” అని అడిగింది ఒక సాయంత్రం.

“ఎవరికీ వెళ్ళవు. ఇండియా వెళ్తాయి.”

నవ్వింది గానీ, అది కాసేపే. “ఆ అమ్మాయికి వెళ్తే ఆ అమ్మాయి గెలవచ్చు. కానీ ఈ చెట్ల సంగతి అడిగితే, కంపెనీతో మాట్లాడి బ్యాలన్స్ చేద్దాం ఆంటీ అంటుంది. తమ్ముడైతే ఆ కంపెనీకి స్థలాలు చూపించినవాళ్ళతో తిరుగుతాడు. అందరూ మనవాళ్ళే. ఈ చప్పుడు ఒక్కదాని కోసం నిలబడ్డది నేనొక్కదాన్నే. నేను తప్పుకుంటే ఆ మాట కూడా తప్పుకుంటుంది.”

అప్పుడే ఆ అమ్మాయి ఫోన్ చేసింది. మీటింగ్ అయ్యాక తనని కూడా పక్కకి పిలిచారట. నువ్వు చిన్నపిల్లవి, నీకు ఇంకా టైముంది, పెద్ద మనసు చేసుకోమన్నారట. “అంకుల్ వాళ్ళు మీకు కూడా సేమ్ చెప్పారా ఆంటీ?”

“చెప్పారమ్మా.”

“మీరు విత్‌డ్రా అవుతున్నారా?”

మా ఆవిడ నా వైపు చూసింది. నేను కాలెండరు వైపు చూశాను.

“లేదమ్మా,” అంది. “నువ్వు?”

“లేదు ఆంటీ.”

 ఇద్దరూ ఒకరికొకరు ఆల్ ది బెస్ట్ చెప్పుకున్నారు.

ప్రైమరీ రోజు ఎండ మండిపోయింది. పోలింగ్ జరిగే బడి బయట గొడుగు కింద మా ఆవిడ నిలబడింది. ఈసారి నిజంగానే నిలబడింది, పొద్దుట్నుంచీ. నేను నీళ్ళ సీసాలు మోస్తూ కార్ పార్కింగ్‌కీ ఆమెకీ మధ్య తిరిగాను. వచ్చేపోయే తెలుగు మొహాలు పలచగా ఉన్నాయి. మిగతావాళ్ళు అప్పటికి దుబాయ్ దాటి ఉంటారు. పోలింగ్ ముగిసి, ఆలస్యంగా గూకే ఆ వేసవి పొద్దు ఇంకా ఉండగానే ఫలితాలు రావటం మొదలుపెట్టాయి. లెక్కల టీచరు గెలిచింది. ఆవిడకొచ్చిన వోట్లు నాలుగో వంతుకి కూడా చేరలేదు. లాయరమ్మాయిది రెండో స్థానం, మా ఆవిడది మూడు. ఆ ఇద్దరివీ కలిపితే టీచరుగారివి దాటిపోయేవి. రియల్ ఎస్టేట్ ఆయన ఐదో స్థానంలో ఉన్నాడు. ఆయన కూడా మాకే ముందు ఫోన్ చేసి, “అక్కా, మంచి ఫైట్ ఇచ్చినవ్,” అన్నాడు.

మర్నాడు అందరూ ఒకటే మాట. ముగ్గురూ ఒక్కటై ఉంటేనా అని. మేమున్నాం అన్నవాళ్ళే అన్నారు. మా ఆవిడ ఆ అమ్మాయికి ఫోన్ చేసింది.

“నేను తప్పుకుని ఉంటే నువ్వు గెలిచేదానివని అంటున్నారు. నువ్వేమంటావు?”

ఫోను స్పీకర్ మీద ఉంది. “మే బీ, ఆంటీ.”

ఫోను పెట్టేశాక మా ఆవిడ ఏడ్చింది. నాకు ఏం చెయ్యాలో తోచక టీ పెట్టాను, రెండుసార్లు. “నేను ఓడిపోయినందుకు కాదు,” అంది. “ఆ పిల్ల నాకు నిజం చెప్పింది. ఇంకెవరైనా అయితే, అయ్యో లేదు ఆంటీ అనేవాళ్ళు.”

ఆ వారంలోనే టీచరుగారు మా ఇంటికొచ్చింది. నాలుగో వంతు కూడా రాని గెలుపు కదా, మిగతావాళ్ళంతా అలిగి ఇంట్లో కూర్చుంటే ఎప్పుడూ గెలిచే పార్టీ కూడా ఓడొచ్చని ఆవిడకీ కాలు నిలవటం లేదు. నవంబరుకి ముందు ఓడినవాళ్ళందరి గుమ్మాలూ తొక్కుతోంది. మంచి మనిషి. కాఫీ తాగి, మెచ్చుకుని, మీ మద్దతు నాకుంటుందా అని సూటిగా అడిగింది. నేను అలవాటు కొద్దీ తల ఊపబోయాను. మా ఆవిడ ఊపలేదు.

“ఇప్పుడే చెప్పలేను,” అంది ఇంగ్లీషులో. ఆ వాక్యం ఆమె నోట నేను ఏ భాషలోనూ వినలేదు. “జనవరిలో ఆ దరఖాస్తు మీద మీ వోటు ఎటో అందరి ముందూ చెప్పండి. ఆ తర్వాత మాట్లాడుకుందాం.”

టీచరుగారు కప్పు కింద పెట్టింది. అందరి ముందూ మాటివ్వటం కష్టమంది. ఆలోచిస్తానంది. అడ్డంగా కాసేపు మాట్లాడింది, నిలువుగా కాసేపు మాట్లాడింది. మా ఆవిడ కదల్లేదు. ఇక్కణ్ణుంచి ఎవరింటికి వెళ్తున్నారని మాత్రం అడిగింది. ఆ లాయరమ్మాయి దగ్గరికి, తర్వాత రియల్ ఎస్టేట్ ఆయన దగ్గరికి అని చెప్పి టీచరుగారు బయల్దేరింది.

కారు మలుపు తిరగకముందే మా ఆవిడ ఫోను తీసింది. ముందు ఆ అమ్మాయికి. “ఆవిడ మీ ఇంటికొస్తోంది. సరేనని అప్పుడే అనకు. చెట్ల సంగతి తేల్చమని అడుగు. మనం ముగ్గురం కలిసి అడిగితే కాదనలేదు, మన వోట్లు లేకుండా ఆవిడకి కష్టం.” ఆ అమ్మాయి కొన్ని ప్రశ్నలు వేసింది, ఏ సబ్‌స్టేషన్, ఎంత దూరం అని. అన్నీ విని, “ఓకే, ఐ విల్ ఆస్క్,” అంది.

తర్వాత రియల్ ఎస్టేట్ ఆయనకి. అదంతా మళ్ళీ చెప్పింది. ఈసారి నాకు అవతలి మాట వినపడలేదు.

“ఏమన్నాడు?” అన్నాను.

“తప్పకుండా అక్కా, నేనున్న గదా అన్నాడు.”

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా ఆవిడ గుమ్మం దగ్గరికి వెళ్ళి చెప్పులు వేసుకుంది.

“కారు తాళాలు తీయండి,” అంది. “ఆవిడ కంటే ముందు మనం తమ్ముడింట్లో ఉండాలి.”